పేరు తప్పనిసరి

రాత్రి పదకొండు దాటాక పెరుంగుడిలో
ఏసీ చలికి చున్నీ చెవులకు చుట్టుకుని
ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఓ జర్మన్ దొర సంసారాన్ని
గళ్లలోకి ఎక్కిస్తుంటాను.
గడికి ముప్పావలా. తప్పుకు రెండు రూపాయల కోత.

ఎక్‌బెర్ట్ ఫాన్ హోహెన్‌రాడ.
పుట్టిన ఏడు: సుమారు.
ఈ మనుషులందరూ సుమారుగానే పుడతారు.
చావు మాత్రం ఏ పండగ మర్నాడో కూడా రాసి ఉంటుంది,
ఆ రోజు మఠానికి పొలం రాసిచ్చారు కాబట్టి.

కోట మొదలెట్టేనాటికి ముప్పై ఏళ్లవాడు.
నది మలుపు మీద ఎర్రరాతి గుట్ట.
బావికే పదకొండేళ్లు పట్టిందట.
నీళ్లు పడేసరికి మొదటి భార్య యూటా లేదు.
రెండో ఆమె మెష్టిల్ట్ అరణంగా తెచ్చింది
ఒక ద్రాక్షతోట, రెండు పిండిమరలు, తెమలని ఒక వ్యాజ్యం.
పెద్దకొడుకు పడమటి బురుజు తాకట్టు పెట్టాడు.
నడిపివాడు ఓడెక్కి, యుద్ధం చూడకముందే జ్వరంతో పోయాడు.
చిన్నవాడు మఠంలో చేరి లావెక్కాడు.
లావు సంగతి నా ఊహ.

మా నాన్న తాపీమేస్త్రి. ఇదంతా చెబితే
ఆయన అడిగింది ఒక్కటే:
"సున్నంలో ఏం కలిపేవాళ్లట?"
రాయలేదు నాన్నా, అన్నాను.
"మరేం రాశారు" అని అటు తిరిగి పడుకున్నాడు.

నిన్న రాత్రి ముసురు. లిఫ్టు గుంతలో నీళ్లు చేరి
కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది.
నాలుగో సంతానం దగ్గర ఆగాను.
మూలంలో ఒకే మాట: కూతురు.
పక్కన శిలువ గుర్తు. అంతే.
ఖాళీగా వదిలితే స్క్రీను ఎర్రబడుతుంది,
పేరు తప్పనిసరి అంటుంది.
చుక్క పెట్టాను, ఒప్పుకోలేదు. గీత పెట్టాను, ఊహూఁ.
అడుగుదామంటే సూపర్‌వైజర్ సెల్వమణి
కింద నీళ్లు తోడిస్తున్నాడు.

అమ్మకు నాకన్నా ముందు ఒక పిల్ల.
రాయపురం ఆసుపత్రిలో పుట్టి, తొమ్మిదో రోజు.
పదకొండో రోజున బారసాల అనుకున్నారు.
బియ్యంలో పేరు రాయడానికి
ఇత్తడి పళ్లెం, ఉంగరం అరువు తెచ్చుకున్నారు.
పళ్లెం తిరిగి ఇచ్చేశారు, ఉంగరమూ ఇచ్చేశారు.
పేరు ఎవరికి తిరిగివ్వాలో తెలీక
మూడేళ్లు దాచి నాకు పెట్టారు.
అమ్మ నన్ను పిలిచినప్పుడల్లా
మొదటి అక్షరం దగ్గర కాస్త ఆగుతుంది.
చిన్నప్పుడు నత్తి అనుకునేదాన్ని.

వకుళ, అని కొట్టాను.
తండ్రి: ఎక్‌బెర్ట్. తల్లి: మెష్టిల్ట్.
స్క్రీను పచ్చబడి
తర్వాతి గడిలోకి తోసింది.

ఇరవయ్యింటికి ఒకటి తీసి చూస్తారు పైవాళ్లు.
పొద్దున కంపెనీ వ్యాను రాలేదు.
చెప్పులు చేత పట్టుకుని మోకాలిలోతు నీళ్లలో నడుస్తూ
లెక్కేసుకున్నాను, రెండు రూపాయలు.
పోతే పోనీ.

ఇంటికి చేరేసరికి గడపకు అడ్డంగా
అమ్మ ఇసుక మూటలు పేరుస్తోంది.
మూట మీద మూట, సందులో పాత చీరల పీలికలు.
నన్ను చూసి తల ఎత్తింది.
"వ... కుళా, ఆ కొస పట్టుకో."
పట్టుకున్నాను.