కూలి లేని మస్టరు

పరసయ్య విగ్రహానికి కట్టిన దిమ్మ
పదకొండేళ్లుగా ఖాళీగానే ఉంది.
చందాలు చాలలేదన్నారు.
చెయ్యి పైకెత్తి ఉండాలా, దించి ఉండాలా అని
కమిటీ రెండుగా చీలిందన్నారు.
ఇప్పుడు దాని మీద చిలకమ్మ నెత్తళ్లు ఆరబోస్తుంది.
కాకిని అదిలిస్తూనే అంటుంది:
"ఆయనే ఉంటే దీనికీ ఒకటి ఎయ్యమనేవోడు."

నెలలో రెండో ఆదివారం, పొద్దున్న ఆరున్నర.
కంచరపాలెం కొండవాలు మెట్ల మీంచి
ఒక్కొక్కరే దిగుతారు.
తట్టలు, పారలు,
పొడుగు గెడకి కట్టిన ఇనప కొక్కెం.
డాల్ఫిన్ నోస్ పొగమంచులో సగమే కనిపిస్తుంది.
పోర్టు వైపు నుంచి బొగ్గు నలుసు
మాకంటే ముందే డ్యూటీకి వచ్చి
కిటికీ చువ్వల మీద కూర్చుని ఉంటుంది.

దిమ్మ మీద, చేపల పక్కన,
నీలి అట్ట పుస్తకం.
పేరు, తారీకు, ఎన్ని గంటలు.
కూలి అన్న గడి కూడా ఉంది,
రేవు గోడౌన్లో మిగిలిపోయిన పాత మస్టరు మరి.
ఆ గడిలో పరసయ్య అడ్డంగా ఒక గీత గీసేవాడు
బస్తా మూతి కుట్టినంత శ్రద్ధగా.

షిఫ్టు దిగి, ఒళ్లంతా గంధకం పసుపుతో
ఇంటికి పోకుండా ఈ గెడ్డలోకే దిగేవాడు.
"ఎనిమిది గంటలు ఓడది,
ఎనిమిది నిద్దరది,
మిగిలినదాన్లో ఒక్క గంట పేటదిరా బావూ."
ఉపన్యాసం అంతే.
మైకు చేతికిస్తే దగ్గు వచ్చేది ఆయనకి.

నా సంగతి చెప్పాలి.
నలభై మూడు రోజుల సమ్మెలో
ముప్పై ఎనిమిదో రోజు
వెనక గేట్లోంచి పనికి పోయినవాణ్ని నేను.
ఇంట్లో బియ్యం లేవని చెప్పుకున్నాను.
లేవు, నిజమే.
ఎవరింట్లో ఉన్నాయి గనక?

ఆ సాయంత్రం గుమ్మంలో
అరబస్తా నూకలు దించి
మాట్లాడకుండా వెళ్లిపోయాడు.
తిడితే తిరిగి తిట్టేవాణ్ని.
తిట్టలేదు.
ఓడల కొద్దీ ఎరువు మోసిన వీపు ఇది,
ఆ అరబస్తా ఇప్పటికీ దిగలేదు.

ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్క ఆదివారం వెళ్లలేదు.
శవం లేచిన రోజు కూడా
గుంపు వెనక, చెప్పుల దగ్గర నిలబడ్డాను.

తుపాను వెళ్లిన మర్నాడు
గెడ్డ పొంగి ఇళ్లలోకి వచ్చేసింది.
జ్ఞానాపురం మార్గరెట్ టీచరు
మోకాలి లోతులో నిలబడి కేకేసింది:
"తవుడు గారూ, ఆ కొస పట్టుకోండి!"
పట్టుకున్నాను.
దేని కొసో తెలీదు.
లాగితే పరుపొచ్చింది,
పరుపు వెనక నీళ్లు కదిలాయి,
నీళ్ల వెనక వీధి వీధంతా
గుక్క విడిచిన చప్పుడు.

చేతులు కడుక్కుని పేరు రాయబోతే
గాలికి పాత కాగితాలు తిరగబడ్డాయి.
ఆయన దస్తూరీ. వంకర కొమ్ములు, విరిగిన దీర్ఘాలు.
ప్రతి నెలా ఆఖరి వరసలో
గొలగాని తవుడు.
సున్నా వెయ్యలేదు.
రాలేదనీ రాయలేదు.
గంటల గడిలో, పెన్సిలుతో,
"వొస్తాడు."

పందొమ్మిదేళ్లు.
ప్రతి నెలా.

ఇప్పుడా పుస్తకం నా దగ్గరుంటుంది.
బైకు మీద తిండి పొట్లాలు పంచే కుర్రాడొకడు,
ప్రణయ్ అట, పై మెట్ల ఇంట్లో అద్దెకుంటాడు,
మొన్న ఆగి అడిగాడు:
"గంటకెంతిస్తారు తాతా?"
గీత చూపించాను.
నవ్వేసి బండి తీశాడు.
పాపం, వాడి గంటలు వాడివి కావు.

వాడి పేరు ఆఖరి వరసలో రాసుకున్నాను.
పెన్సిలు మొండిగా ఉంటే
చిలకమ్మ చేపల కత్తితోనే చెక్కి ఇచ్చింది.
ఆ కాగితం కొంచెం
నీచు వాసనేస్తుంది.