ఊదుగొట్టం

ఎనభై తొమ్మిదేండ్ల మా మామకు
కార్జంల రేగుపండంత గడ్డ.
కోత తట్టుకోడన్నరు ఇద్దరు డాక్టర్లు.
మూడో ఆమె, హన్మకొండ దవాఖానల,
"సన్నసూది దించి కాలుస్తం, కోసుడు లేదు" అన్నది.

మామ లేచి కూసున్నడు.
కరీంనగర్ల అరవై ఏండ్లు వెండితీగ మెలిపెట్టిన చెయ్యి
ఉత్త గాలిలనే ఊదుగొట్టం పట్టుకున్నది.
"ఎంత సెగ పెడ్తవు బిడ్డా?
పక్కనే నెత్తురు తీగ ఉండె గద,
అది కరగకుంట ఎట్ల?"

ఆమె నవ్వలే.
స్క్రీన్ ఆయన దిక్కు తిప్పింది.
నల్లటి మచ్చ, దాని అంచుకు ఆనుకొని తీగ.
బయట పేషెంట్లు గునుస్తనే ఉన్నరు.
లోపట ఇద్దరు పనోళ్లు మాట్లాడుకున్నరు
టంకం గురించి, నిమిషాల గురించి,
సెగ ఎక్కడ ఆపాలెనో దాని గురించి.

ఈ వయసుల అవసరమా అని నేనే అడిగిన,
మెల్లగ, ఆయనకు ఇనరాదనుకొని.
"పాందాన్ సగంల ఉన్నది" అన్నడు మామ,
గోడ దిక్కు చూసుకుంట.

పన్నెండు నిమిషాలు పట్టిందట.
తెల్లారి అంగి లేపి చూసుకున్నడు,
పక్కబొక్కల నడుమ బొట్టంత పట్టీ.
"అతుకు కనవడ్తలేదు."
అంతకు మించిన మెచ్చుకోలు
ఆయన నోట నేనెన్నడు ఇనలే.

మల్ల మొలవొచ్చునట. మూడు నెలలకు చూడాలెనట.
బస్సు హుజూరాబాద్ దాటినంక
వేళ్లు మడిచి లెక్కపెడ్తున్నడు,
నెలలో, మూతకు మిగిలిన రేకులో.
నేనడగలే.