బోరింగు కాయితాలు

అచ్చంపేటల మండలాఫీసు ఎదురుంగ
మాది జిరాక్స్ డబ్బా.
పగలంత పచ్చటి వెలుగు గీత ఒకటి
ఆధార్ల మీద, పాసుబుక్కుల మీద, సావు సర్టిఫికెట్ల మీద
అటుకెళ్ళి ఇటు పాకుతుంటది.
నేను ఏదీ సదవను.
సదువుకుంట కూసుంటే గిరాకి పోతది.

హోలీ అయిన నాలుగొద్దులకు
నక్కలోనిబండ కెళ్ళి ఈదమ్మ వచ్చింది.
చేతిసంచిల అట్టముక్క మీద
ఉత్త తెల్లకాయితం, మడత పడకుండ.
"రాయి బిడ్డా."
"ఏం రాయాలె?"
"మా వాడకట్టు బోరింగుకు చెయ్యి లేక మూడేండ్లాయె.
చెయ్యి లేని బోరింగును
ఎన్నిసార్లు బాగు చేసిండ్రో అడుగు."

రాసిన.
సమాచార హక్కు చట్టం, రెండువేల ఐదు,
సెక్షన్ ఆరు, బ్రాకెట్ల ఒకటి.
గంత పెద్ద మాటల కింద ఆమె అడిగిన ముచ్చట
గంప కింద కోడిపిల్ల లెక్క కూసున్నది.
దస్కత్తు కాడికొచ్చి పెన్ను గుంజుకున్నది.
మహిళా సంఘంల నేర్సుకున్నదట.
ఈ అయినంక, ద అయినంక,
మ్మ కాడ జర ఆగి, ఊపిరి తీస్కొని
నేను గీసిన గీత దాటకుండ దించింది.
ఊరి పంచాయతికైతే ఫీజు లేదంటే నమ్మలే.
"ఉత్తగ అడిగితే ఉత్త జవాబే వస్తది" అన్నది.

సెక్రెటరి సార్ మొదలు నవ్విండట.
పదో రోజు సర్పంచి తమ్ముడు బండి ఆపి
"అవ్వా, నీకు నీళ్లు గావాల్నా, కాయితాలు గావాల్నా?"
"నీళ్లకు వాయిద లేకపాయె.
కాయితాలకైతే ముప్పై రోజులేనట గద నాయనా."

ఇరవై తొమ్మిదో రోజు కబురొచ్చింది.
నలభై మూడు పేజీలు, పేజీకి రెండు రూపాయలు.
తెల్లకార్డుకు అది గూడ మాఫీ అని చెప్పిన.
"కట్టనియ్యి. నా పైసతోని వచ్చిన కాయితం
నాతోనే మాట్లాడ్తది."

మా డబ్బా బల్ల మీదనే పర్సింది.
మిషన్ ఆపి, నేను సదివిన.
హ్యాండిల్ ఒకటి, చైన్లు రెండు, వాషర్లు పద్నాలుగు,
హ్యాండిల్, మల్ల హ్యాండిల్,
ఇద్దరి కూలి, ఆటో కిరాయి.
మూడేండ్లల్ల పదకొండుసార్లు బాగైంది బోరింగు.
ఒకసారి ఉగాది పండుగ నాడు,
ఒకసారి ముసురు వారం రోజులు విడవనప్పుడు.
ప్రతి బిల్లు అడుగున
పని చూసిన సాక్షి: ఈదమ్మ.
పక్కన నీలిరంగు బొటనేలు.

చానసేపు మాట్లాడలే.
తన ఏలును ఆ ఏలు పక్కన పెట్టింది.
పత్తిచేండ్ల, ఇటుకబట్టీల, పుణె దిక్కు కాలువ పనుల
అరిగి అరిగి అద్దం లెక్క నున్నగైన ఏలు.
రేషన్ దుకాణంల మిషన్
ఎంత తుడిసి పెట్టినా గుర్తు పట్టని ఏలు.
బిల్లు మీద మాత్రం గీతలు గీతలుగ
బడికి పోయే పిల్ల జడ లెక్క
ఎంత సక్కగ పడ్డదో.

ఇది నాది కాదు అని మొత్తుకోలే.
"ఎవలిదో గని, మంచి ఏలు" అన్నది.
"దీనికి నెలనెలా బియ్యం వస్తుండొచ్చు."

నాకు నవ్వొచ్చింది. మధ్యల్నే ఆగిపోయింది.
ఎనుక ఎవరో పాసుబుక్కు పట్టుకొని
జల్ది ఇయ్యి అన్నా, బస్సు పోతది, అంటుండు.

ఈదమ్మ సంచిల చెయ్యి పెట్టింది.
అట్టముక్క మీద ఇంకో తెల్లకాయితం.
ముందుగాల్నే రెండు కొన్నదట.
"రాయి" అన్నది,
"గీ ఏలు గల మనిషి
ఏ బోరింగు నీళ్లు తాగుతున్నదో."