మూడు చుక్కలు

హల్ బస్సు డిపో వెనక, పోయిన సామాన్ల గది.
మోరీన్ చేతిరాత రిజిస్టరు
పేజీ పేజీగా నా తెర మీదికి ఎక్కుతోంది.

తేదీని తిరగరాయడానికి మొన్న నలభై వరుసలు రాశాను.
అంతా అయ్యాక తెలిసింది,
టెంప్లేట్‌లో ఆ పనికి ముందే ఒక మాట ఉందని.
ఒక్కటే మాట.
వెన్న చేతిలో పెట్టుకుని నేతికి ఊరంతా తిరిగాను.
నలభై వరుసలూ చెరిపేస్తే
తడిసిన కోటు విప్పినంత తేలిక, కొంచెం సిగ్గు.

ఇక ఆగలేదు నేను.
అంచుల్లో ఖాళీలు కత్తిరించేది ఒకటి,
గొడుగులెన్నో లెక్క చెప్పేది ఒకటి
(నూటపన్నెండు. ఇక్కడి వాన అలాంటిది),
ఏమీ రాయని గడిలో "వివరం లేదు" అని నింపేది,
హద్దు దాటిన వాక్యాన్ని తుంచి
మూడు చుక్కలు పెట్టేది.

మోరీన్ కళ్ళజోడు సర్దుకుని చదివింది:
"పిల్లల గ్లవ్, ఎరుపు, ఎడమచేతిది, లోప..."
చుక్కల మీద వేలు ఆనించింది.
"లోపల పాలపన్ను ఉంది, కాగితంలో చుట్టి.
అదే కదా వాళ్ళమ్మకి ఆనవాలు?"

ఆ మాట తీసేశాను.
వరుస పొడుగై, గడి దాటి,
కిందికి జారింది వికారంగా.
ఉండనీ.

"వివరం లేదు" గడులు ఇంకా పదిహేడు.
ఒక మఫ్లర్ తీసి వాసన చూస్తోంది మోరీన్:
"పొగాకు. పిప్పర్‌మెంటు. రాయి."
రాస్తున్నాను.