మూత

ప్రొద్దుటూరులో మాబుసాబ్ స్టూడియో మూసేసిన రోజు
పాత బాకీ కింద నాకు దక్కింది ఈ కెమెరా.
అరచేతిలో పట్టే ఇనుప ముక్క.
ఒకటే లెన్సు. మార్చేది లేదు, సాగేది లేదు.
లోపలి మీటరు ఎప్పుడో చచ్చిపోయింది.
"మన ఎండకు మీటరెందుకు నాయనా,
బయట పదహారు, పందిట్లో అయిదున్నర.
దగ్గరగా కావాలంటే కాళ్లు లేవా నీకు?" అన్నాడు
తోలు సంచికి ఊడిన బొత్తాం కుడుతూ.

ఆరు రోజులు తాకట్టు కొట్లో
ఊరి మెడల్ని తూకం వేస్తాను నేను.
గురిగింజంత తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది.
ఏడో రోజు ఎర్రగుంట్ల బస్సెక్కుతాను
ముప్పై ఆరు బొమ్మలు జేబులో వేసుకుని.
ముప్పై ఆరంటే ముప్పై ఆరే.

నాపరాళ్ల గని.
పొద్దున పదింటికే రాతి మీద పాదం ఆనదు.
పొరలు పొరలుగా నేల,
ఎవరో పాత లెక్కల పుస్తకం విప్పి
కాగితానికింతని అమ్ముకుంటున్నట్టు.
తెల్ల దుమ్ము లేచి అందరి కనుబొమల్నీ
ఒకే వయసు చేస్తోంది.

"ఒక్క ఫోటో తీసుకుంటానమ్మా" అంటే
"నాదెందుకప్పా, ఆ మిషన్‌ది తీసుకో, కొత్తది"
అంది ఓబులమ్మ.
అంటూనే తల మీద పలక కింద
చుట్టకుదురు సర్దుకుని నిలబడింది.

కెమెరా కిటికీ నడిమధ్య
పసుపు రంగు చిన్న గడి.
గడిలో ఓబులమ్మలు ఇద్దరు.
ఒకామె ఇక్కడ,
ఇంకొకామె వేలెడు పక్కన, పలచగా,
నిద్ర నుంచి ఇంకా పూర్తిగా లేవనట్టు.
రింగు తిప్పుతుంటే మెల్లగా జరిగి
ముక్కుపుడక మీద ముక్కుపుడక కూర్చుని
ఒకే మనిషయ్యారు.
టిక్.
ఆ చప్పుడు సుత్తుల మధ్య ఎవరికీ వినపడదు.

నాలుగడుగులు ముందుకు. టిక్.
రెండు వెనక్కి, మోకాలి మీద. టిక్.
మెడ నరం కోసం ఒకటి, వేళ్ల పగుళ్ల కోసం ఒకటి,
ఇంత పిసినారిని, ఆరు ఖర్చు చేశాను.
ఆరింటికీ ఆమె కదల్లేదు.

ఏడోది గురి చూస్తుంటే
పక్కన రాయి కొట్టే మద్దిలేటి సుత్తి ఆపి
"అన్నా, ఆ మూత తీసేది లేదా?" అన్నాడు.

ఇంటి దగ్గర పెట్టింది పెట్టినట్టే ఉంది,
లెన్సు మీద, నల్లగా.
ఈ కెమెరాకు కన్ను వేరు, కిటికీ వేరు.
కన్ను మూసుకుపోయినా
కిటికీలో లోకం తళతళలాడుతూనే ఉంటుంది
చూసేవాడికి.
మూత కనపడేది ఎదురుగా నిలబడినవాళ్లకే.

"నువ్వు చూడలేదా అమ్మా?"
"ఎందుకు చూడలే, కనపడతానే ఉండె.
టౌనోళ్ల మిషన్లు ఇట్లనే పనిచేస్తాయేమో అనుకుంటి.
ఇంతకుముందు వచ్చినోళ్లూ తీసుకొని పోయిరి గదా,
ఒక్కటన్నా మాకు సూపిచ్చిరా?
వాటికీ మూతలుండాయేమో."

నవ్వింది. గని గనంతా నవ్వింది.
మూత తీసి జేబులో వేశాను. వేళ్లు చెమటతో జారుతున్నాయి.
నవ్వే మనిషి పసుపు గడిలో కుదురుగా ఉండదు,
ఇద్దరై, ఒకరై, మళ్లీ ఇద్దరై...
కలవకముందే నొక్కేశాను.
"రాయి దించుకోమ్మా" అనాలని
అప్పటికి గానీ తోచలేదు నాకు.

మాబుసాబ్ వంటింట్లోనే కడిగాం,
కిటికీకి కంబళి కట్టి.
ఏడో బొమ్మలో ఓబులమ్మ కాస్త చెదిరింది,
పళ్లు మాత్రం బాగా వచ్చాయి.
తీసుకెళ్లి ఇస్తే
"ఎవరిదప్పా ఈ ముసల్ది" అని కొంగున చుట్టుకుని
ఇంకో పలక ఎత్తుకుంది.

మూత కింద తీసిన ఆరూ
నల్లగా వస్తాయనుకున్నాను.
నెగటివ్‌లో వెలుగు తగలని చోటు
గాజులా ఖాళీగా ఉంటుందట.
ఆ ముక్కను కొట్లో
తూకపు బల్ల పక్క కిటికీకి అంటించాను.
బేరాలు లేనప్పుడు ఆ ఆరు గళ్లలోంచి చూస్తే
బజారు, సోడా బండి,
గొలుసు ఇచ్చేసి
మెడ తడుముకుంటూ మెట్లు దిగుతున్నవాళ్లు.