ఇంజన్ ఆపలేదు

గురువారం, హాప్సాలు లైబ్రరీలో
బస్సు నడిపే ఎహా ఫోన్ చాపింది:
"డేగ. ముమ్మాటికీ డేగే."

వెల్మార్ తాత కళ్ళజోడు నుదుటికెక్కించాడు.
రెల్లు ఒక్కో ఈనె లెక్కపెట్టొచ్చు,
డేగ మాత్రం పొగ మరక.
"కోకిల కూడా ఇలాగే డేగ వేషం కడుతుంది.
కూసిందా?"
"ఇంజన్ ఆపలేదు. లోపల పదకొండు మంది."

ఆయన బొమ్మను సాగదీస్తూ పోయాడు
మూలకి, ఇంకా మూలకి.
రెల్లు కొసన తేనెటీగంత ఒకటి,
నడుముకు పసుపు పట్టీలు.
"రెక్కలు రెండే. ఉత్త ఈగ.
ఇదీ వేషగత్తే, కుట్టడం రాదు."

పుస్తకంలో ఈగను పేరుతో సహా రాసి
పక్షి గడి ఖాళీగా వదిలేశాడు.
ఎహా ఆ గడినే చూస్తూ కూర్చుంది.

మర్నాడు రెల్లు మలుపులో
ఇంజన్ ఆపేసింది.
వెనక సీట్లో ఎవరో దగ్గారు.