మూలం కావాలి

మార్కాపురంలో పుట్టినోడికి
రాయడం కన్నా ముందు తుడవడం వస్తుంది.
మా వీధిలో గాలి కూడా పలక రంగే.
పలకలకి చెక్క ఫ్రేములు బిగించే పని నాది.
చెవుల్లో మాత్రం రోజంతా కాలేషా గారి నాదస్వరం.

ఆయన్ని మొదట విన్నది మా మేనత్త పెళ్ళిలో.
విస్తరి ముందు కూర్చున్నోణ్ణి
చెయ్యి కడుక్కోకుండా లేచిపోయి
డోలు పక్కన చతికిలబడ్డా.
అది ఖరహరప్రియ అని ఎప్పటికో తెలిసింది.
ఆ పూటకి దాని పేరు
గొంతులో అడ్డంపడ్డ ముద్ద, అంతే.

ఆయన పోయిన వారానికి, రాత్రి షిఫ్టులో,
ఫోన్లో వెతికితే
విజ్ఞాన సర్వస్వంలో రెండంటే రెండు వాక్యాలు.
ఊరు తప్పు.
వాయిద్యం క్లారినెట్టట!
పక్కనే చిన్న మాట: మార్చు.
ఎవర్నడగాలో తెలీక చుట్టూ చూశా.
కోత మిషను తప్ప ఎవరూ లేరు.

తర్లుపాడు అని మార్చా. నాదస్వరం అని మార్చా.
చెయ్యి ఆగలేదు.
అమోఘం అన్నా, నభూతో అన్నా,
ఆయన ఊపిరి తీసుకునే సందులో
ఊరంతా ఊపిరి బిగబట్టేదన్నా.
టీ తాగొచ్చేసరికి అన్నీ పోయినయ్.
తుడిచినాయన పేరు వేపపుల్ల.
వదిలిపోయింది ఒక్కటే ముక్క: మూలం కావాలి.

నా చెవులే మూలం అని రాశా.
చెవులు అచ్చవలేదు గదా అన్నాడు.

మూడు రోజులు మాట్లాడలా.
మొహం తెలీని మనిషి మీద అలగడం
నాకదే మొదలు.

ఆదివారం బస్సెక్కి తర్లుపాడు పోయా.
ఖాసింబీ ట్రంకుపెట్టె తీసింది.
చెదలు సగం చదివేసిన తిరునాళ్ళ కరపత్రాలు,
పేరు తప్పు పడ్డ రేడియో వాళ్ళ కాగితం,
ఎవరిదో శుభలేఖ, దాని వెనక ఆయన లెక్క:
డోలు నలభై, శ్రుతి పదిహేను, టీలు మూడు.
పుట్టిన సంవత్సరం అడిగా.
"ఏంది అబ్బయా, గుండ్లకమ్మ పొంగి
మా అత్త బర్రె కొట్టుకుపోయిన ఏడు."
ఆ ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది.

వేపపుల్ల కనిగిరిలో పోస్టుమాస్టరు చేసి దిగాడట.
ముద్ర పడనిదే ఉత్తరం కాదు నాకు, అన్నాడు.
కింద చిన్న అంకె ఎట్లా వెయ్యాలో,
కరపత్రాన్ని ఎట్లా ఉదహరించాలో
రాత్రి ఒంటిగంట దాకా చెప్పాడు.
అమోఘం తీయమన్నాడు. తీశా.
నభూతో తీశా.
పొగడ్త ఒక్కోటీ పీకేస్తుంటే ఏడుపొచ్చింది.
అన్నీ పోయాక చూస్తే
వాక్యం నిటారుగా నిలబడి ఉంది,
ఊరేగింపు కదలకముందు ఆయన నిలబడ్డట్టు.

చిన్నప్పుడు చిక్కుడాకూ బొగ్గూ రుద్ది
పలక మీద చెరిపిన తప్పులు ఏమయ్యాయో తెలీదు.
ఇక్కడ చెరిపింది పోదు.
చరిత్ర అన్నచోట నొక్కితే
నా తొలి రాత్రి పిచ్చంతా
టైముతో సహా ఉంది.

ఇప్పుడు డోలు మాబుసుభానికి పేజీ ఉంది.
ఇద్దరికీ పీకలు కోసిచ్చిన పిచ్చి కోటయ్యకి లేదు.
ఆయన పేరు ఏ కాగితమూ ఎక్కలా.
రాద్దామని తెరుస్తా,
ఆయన చేసిన పీక ఒకటి నా జేబులో ఉంది,
అది మూలం కాదు.
మూసేస్తా.

మొన్న ఖాసింబీకి పేజీ మొత్తం చదివి వినిపించా.
అంకెలతో సహా.
ఊఁ కొట్టకుండా విని అడిగింది:
"ఎత్తుకునే ముందు దగ్గేవాడు. అది పెట్టావా?"

నా దగ్గరున్న క్యాసెట్ రెండో వైపు,
కల్యాణికి ముందు,
ఉంది.
చిన్న దగ్గు. ఆనక శ్రుతి.

మూలం ఉంది.
ఏ శీర్షిక కింద పెట్టాలో
వేపపుల్లనడిగా.
తెల్లారింది, మిషను ఆపేశారు,
ఆయన ఇంకా ఏమీ అన్లేదు.